ఎలనీళ్ల చిన్నబ్బ

మూడో వేటుకు బోండాం మూత ఎగిరిపడింది. చిన్నబ్బ గొట్టం గుచ్చి, లాడ్జీ మెట్ల మీదున్న యాత్రికురాలికి అందించాడు. తిరుచానూరులో ఇరవై రెండేళ్లుగా అదే ఎలనీళ్ల బండి, అదే మచ్చుకత్తి. పొట్టి మనిషి. కుడి భుజం ఎడమదానికన్నా లావు. నోట్లో బీడీ, మాట తక్కువ. అతని కోపం ఎలా ఉంటుందో ఈ నెల దాకా భార్య దేవకమ్మకు తెలియదు.

ఇప్పుడు పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. ఏదో కాలుతున్న వాసన వస్తోందంటాడు. వారం కిందట సంగటి గిన్నె ఆమె ముఖానికేసి కొడితే పెదవి చిట్లింది. తాగుడన్నారు వీధిలో. అతను తాగడు. కత్తి దాచిపెడితే ఇంకా రెచ్చిపోతున్నాడని, ఆమే వచ్చి బండి పక్కన కూర్చుంటోంది.

పదిగంటలప్పుడు అతను ఆమె వైపు తిరిగాడు.

“ఎవురు నువ్వు? నా పెండ్లాం కూసునే సోట కూసున్నావే.”

“నేనే మామా, దేవకమ్మను.”

“దాన్నేం సేసినావు? యాడ దాసినావు?”

జుట్టు పట్టి ఆమె తలను బండి చక్రానికేసి కొట్టాడు. అడ్డం పెట్టిన చేతిలోకి కత్తి దిగి, ఎముకకు తగిలి ఆగింది. “సెప్పు, నా దేవకమ్మ యాడ?” అంటూ మళ్లీ ఎత్తాడు.

ఆటోవాళ్లు అతని మీదపడ్డారు. కర్రలతో కొట్టారు, కాళ్లతో తన్నారు. రెండు పళ్లు రాలిపడ్డాయి.

“సంపబాకండప్పా, ఆయనకు బాగలేదు,” అంటూ దేవకమ్మ నెత్తురోడే చేత్తోనే వాళ్లను లాగింది. అప్పటికే నేలమీద అతని ఒళ్లు బిగుసుకుని ఎగిరెగిరి పడుతోంది. నోట నురగ.

పెద్దాసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యేసరికి వారం పట్టింది.

“ఊపిరితిత్తిలో చిన్న క్యాన్సర్ గడ్డ ఉందమ్మా,” అన్నాడు డాక్టరు. “దాంతో పోరాడాల్సిన ఒంట్లోని శక్తి పొరబడి మెదడు మీద పడింది. ఇది పిచ్చి కాదు, తాగుడూ కాదు.”

“అయితే నన్ను కొట్టింది ఆయన కాదు గదా సార్?”

“కాదమ్మా,” అన్నాడు డాక్టరు.

మూర్ఛలు మందులకు లొంగలేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం, మంచానికి కట్టిన చెయ్యి గుడ్డను లాగడం మానింది. అలసి నిద్రపోయాడనుకుని దేవకమ్మ ఆ కట్టు వదులు చేసింది. చెయ్యి జారి పక్కకు వాలింది.

శవంతోపాటు నర్సు ఇచ్చిన ఆనాటి చొక్కా నెత్తురెండి అట్టకట్టింది. జేబులో, మడిచిన క్యాలెండరు కాగితం. ఆమె పెదవి చిట్లిన మరుసటి రోజు తేదీ. వెనకవైపు పెన్సిలుతో వంకర అక్షరాలు. ఆమె కూడబలుక్కుని చదివింది: “బండికాడ కూసోనుండేది దేవకమ్మ. నా పెండ్లాం. కొట్టగూడదు.”

ఆఖరి మాట కింద గీత గీసిన చోట, పెన్సిలు గట్టిగా నొక్కడంతో కాగితం చిరిగి ఉంది.