రిలీవర్ రాని సాయంత్రం

మా చర్చిలో పావురాలంటే నాకు మహా చిరాకు. ప్రసంగ వేదిక వెనక గోడమీద, రెక్కలు చాపి కిందికి దిగుతున్న తెల్లటి సిమెంటు పావురం ఒకటుంది. యొర్దాను నదిలో యేసుప్రభువు మీదికి పరిశుద్ధాత్మ పావురంలా దిగినదానికి గుర్తు. దాని రెక్క వెనక సందులో బూడిదరంగు పావురాల జంట నాలుగు పుల్లలు పడేసి గూడనుకుంది. శనివారం చర్చి ఊడ్చే వంతు నాది. రెట్టలు గోకేదీ నేనే.

"తీయించీయండి అయ్యగారూ" అన్నాను పాస్టరుగారితో.

ఆయన నవ్వారు. "ఆత్మకి గుర్తని గోడకి సిమెంటు పావురాన్ని పెట్టుకున్నాం. ప్రాణమున్నది వస్తే తోలేస్తామా రోజారమణమ్మా?"

గుర్తు మీకు, చీపురు నాకు అని మనసులో గొణుక్కున్నాను.

నిజానికి నా కోపం పావురాల మీద కాదు, మా తమ్ముడు గురువులు మీద. మరదలు అనూరాధ కాన్పులో పోయింది. పుట్టిన పిల్లని అప్పట్నించీ గాజువాకలో నా ఇంట్లోనే సాకుతున్నాను. గురువులుకి స్టీల్‌ప్లాంటులో ఫర్నేసు దగ్గర పని. షిఫ్టు దిగితే ఉక్కునగరం క్వార్టరుకీ వెళ్ళడు, నా గుమ్మమూ తొక్కడు. నేరుగా చర్చికొచ్చి వెనక బెంచీలో కూచుంటాడు. కూతుర్ని ఒక్కసారైనా ఎత్తుకున్న పాపాన పోలేదు. పిల్లది అచ్చం వాళ్ళమ్మ మొహం. చూసి తట్టుకోలేడని నాకు తెలుసు. తెలిసినా ఒళ్ళు మండేది. ఇలాగే సాగితే తండ్రికి ఆ పిల్ల ఎప్పటికీ పరాయిదైపోతుందని భయమేసేది.

పాస్టరుగారు మాత్రం వాణ్ణి పల్లెత్తు మాట అననిచ్చేవారు కాదు. జలప్రళయంలో నోవహు ఓడలోంచి వదిలిన పావురం, కాలు మోపే చోటు దొరక్క మళ్ళీ తిరిగొచ్చిందట. "నోవహు చెయ్యి చాపి లోపలికి తీసుకున్నాడు గానీ, ఎందుకొచ్చావని అడగలేదమ్మా" అనేవారు.

ఆ బెంచీలో కూచుని వాడు చూసేది ఆ గూటినే. ఓ శనివారం నేను ఊడుస్తుంటే తనంతట తనే నోరు విప్పాడు. నన్ను అప్పా అని పిలిచి ఎన్నాళ్ళయిందో.

"అప్పా, ఈటికీ షిఫ్టులున్నాయే. పగలు మగది గుడ్ల మీద కూకుంటాది. పొద్దోయేసరికి ఆడది వొచ్చి రిలీవ్ సేత్తాది. అది వొచ్చీదాకా ఇది లెగదు. మా ప్లాంటులోనూ అంతే. రిలీవరొచ్చీదాకా డ్యూటీ దిగకూడదు."

"పగలు కూకున్నది మగదని నీకేటి తెలుసురా?"

"మెడ ఉబ్బించుకుని ఆడదాని సుట్టూ తిరిగింది ఇదే కదే."

"ముందు నీ పిల్ల సంగతి సెప్పు. పావురాల సంగతి తరవాత" అన్నాను. వాడు మళ్ళీ గూటికేసి తలెత్తాడు.

గుడ్లు పిల్లలయ్యాయి. ఆపై శనివారం పసిదాన్ని చంకనేసుకుని చర్చికి వెళ్ళేసరికి కిటికీ కింద బూడిదరంగు ఈకలు చెల్లాచెదురుగా పడున్నాయి. పిల్లి పని. గురువులు వాటి పక్కనే నిలబడి ఉన్నాడు.

"మగది గూట్లోనే ఉంది. పోయింది ఆడదే అప్పా" అన్నాడు.

సాయంత్రమైంది. పడమటి కిటికీలోంచి ఎర్రటి ఎండ సిమెంటు పావురం మీద పడింది. ఆడది రావాల్సిన వేళ. మగది మెడ చాపి కిటికీకేసి చూసింది. చూసి చూసి, ఒళ్ళు సర్దుకుని మళ్ళీ కూచుంది. పొద్దుట్నించీ మేత లేదు, ఇక లేచిపోతుందిలే అనుకున్నాను. లేవలేదు.

దాని రొమ్ము కిందనుంచి పసుపు నూగుతో రెండు తలలు పైకొచ్చాయి. మగది నోరు తెరిచింది. పిల్లలు ముక్కులు ఆ నోట్లోకి దూర్చేశాయి. దాని గొంతు ఎగసి ఎగసి పడుతోంది. లైటు వేయడానికొచ్చిన పాస్టరుగారు మా పక్కనే ఆగిపోయారు.

"ఏటి పెడతంది అయ్యగారూ?" అన్నాను.

"పాలమ్మా" అన్నారు మెల్లగా. "పావురాల్లో తల్లికే కాదు, తండ్రికీ గొంతులో పాలు ఊరతాయి. చదివాను గానీ, చూడడం ఇదే."

చంకలో పిల్ల ఉన్న సంగతే మరిచిపోయాను. మగదానికి పాలు. తల్లి రాని సాయంత్రం ఒకటి ఉంటుందని దేవుడు ఎప్పుడో తలచి, ఆ గొంతులో పాలు దాచిపెట్టాడు. నాకు భయమూ వేసింది, ఏడుపూ వచ్చింది. గోడమీది తెల్ల పావురాన్ని ఇన్నాళ్ళూ బొమ్మనే అనుకున్నాను. ఆత్మ దిగడమంటే ఇంత చప్పుడు లేకుండా ఉంటుందని అప్పుడే తెలిసింది. మాలో ఎవరమూ లైటు వేయలేదు.

ఇంతలో పిల్ల ఏడుపు లంకించుకుంది. దానికీ పాలవేళే. నేను సంచీలో సీసా కోసం తడుముకుంటుంటే గురువులు గబగబా బయటికి వెళ్ళాడు. మళ్ళీ పారిపోయాడనుకున్నాను. కుళాయి చప్పుడైంది. మోచేతుల దాకా కడుక్కుని, చొక్కాకి తుడుచుకుంటూ వచ్చి నా ముందు చేతులు చాపాడు.

"ఇలా తే అప్పా."

మనసు మార్చుకుంటాడేమోనని వెంటనే పిల్లని అందించాను. వాడు దాని మొహంలోకి చూశాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా చూపు తిప్పుకోలేదు. బెంచీ మీద కూచుని, సీసా దాని నోటికి పట్టాడు. అది గుటకలు వేయడం మొదలుపెట్టాక నాకేసి తలెత్తాడు.

"నువ్వింక డ్యూటీ దిగిపోవే" అన్నాడు. "నాను వొచ్చీసినాను."