రిజిస్టర్‌లో ఇరవై నిమిషాలు

రసాయనాలు కలిపే రియాక్టర్ పొంగి యాదన్న చేతులు కాలిన నెలకు, కారణం తేల్చడానికి మేనేజర్ ఒక పిల్లను ప్లాంటుకు తెచ్చాడు. పేరు అనూహ్య, యూనివర్సిటీలో పరిశోధన చేస్తుందట. కంపెనీ తెచ్చిన మనిషి కంపెనీ పాటే పాడుతుందని చూడగానే అనుకున్నాను. యాదన్న బొల్లారం ప్లాంటులో మా షిఫ్టుకు వచ్చిన కొత్త ఆపరేటరు, ఇస్నాపూర్‌లో నా పక్కగదిలోనే కిరాయికి ఉంటాడు. రియాక్టర్ పొంగింది అతని తప్పు వల్లనేనని తేలితే ఉద్యోగమూ పోతుంది, కంపెనీ చేయించే వైద్యమూ ఆగిపోతుంది.

అనూహ్య లాప్‌టాప్ తెరిచి, రియాక్టర్‌లో యాసిడ్ చుక్కలు ఎలా చిట్లి కలుస్తాయో చూపించింది. ఉజ్జాయింపు లేకుండా, ఎంత చిన్న సుడినీ వదలకుండా లెక్కగట్టిందట. అగ్గిపెట్టెంత జాగాలో మూడు సెకన్ల ముచ్చటకు పెద్ద కంప్యూటర్‌కు పందొమ్మిది రోజులు పట్టిందట. మా రియాక్టర్ రెండంతస్తుల ఎత్తు. అగ్గిపెట్టెను చూసి మా యాదన్న బతుకు కూలుస్తావా తల్లీ అని లోపల పళ్లు కొరుక్కున్నాను.

యాదన్న తప్పు ఎక్కడ దొరికిందని అడిగాను. దొరకలేదంది. పాత రిజిస్టర్‌లో ఉన్నట్టే ఇరవై నిమిషాల్లో యాసిడ్ వదిలాడట. అంత జోరుగా వదిలితే చుక్కలు చిట్లకుండా ఒక్కచోట కమ్ముకుంటాయి, వేడంతా అక్కడే పుట్టి ఒక్కసారిగా పొంగుతుందట. ఇందులో ఏదో మెలిక ఉందనిపించింది. మేనేజర్ బయటికి పోయాక ఆమె గొంతు తగ్గించింది.

"నర్సింహులన్నా, మీ పదకొండేండ్ల రిజిస్టర్లు సూసిన. అన్ని బ్యాచ్‌లకూ ఇరవై నిమిషాలే రాసిన్రు. గట్లయితే మీ చేతిల ప్రతిసారి పొంగాలె. ఎందుకు పొంగలే?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని.

రియాక్టర్‌ను చల్లార్చిన నీళ్లు తిరిగొచ్చే పైపు మీద ఒక చెయ్యి పెట్టి, వేడి తెలిసినకొద్దీ రెండో చేత్తో యాసిడ్ వాల్వు తిప్పుతాను నేను. నలభై నిమిషాలు పడుతుంది, ఒక్కోనాడు యాభై. కాని పైనుంచి వచ్చిన షీటులో ఇరవై అని ఉంది. అదే రాయకపోతే ఆడిట్ నాడు మెమో చేతికొస్తుంది. అందుకే పాతవాళ్లమంతా చేతికి తెలిసినట్టు చేసి, షీటు చెప్పినట్టు రాస్తాం. అది తప్పని మాకెవరికీ ఎప్పుడూ తోచలేదు.

"నలభై పడ్తది బిడ్డా. రాసినయన్నీ అబద్ధాలే."

అదే కాగితం మీద రాసిస్తే యాదన్న బయటపడతాడంది. నేను మునుగుతానని ఇద్దరికీ తెలుసు. రాసి సంతకం పెట్టాను.

సాయంత్రం యాదన్న గదికి పోయాను. భార్య ముత్యమ్మ అతనికి అన్నం కలిపి తినిపిస్తోంది. ఉన్నదంతా చెప్పి తల దించుకున్నాను. తిడితే బాగుండునని ఉంది నాకు. అతను తిట్టలేదు, కట్లు కట్టిన చేతుల వంక చూసుకున్నాడు.

"మొదటి దినమే అడిగిన గదనే అన్నా, ఎంతసేపు వదలాలె అని."

అడిగాడు. నేను చాయ్ తాగుతూ, తల కూడా ఎత్తకుండా, రిజిస్టర్ చూసుకో పొమ్మన్నాను.