మెస్ గుమ్మం దాటిన కంచం

ఆ రోజు ఇంట్లో లోవలక్ష్మి నాయనమ్మ ఉంది, అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, అనకాపల్లి నుంచి వచ్చిన మేనత్త ఉంది, ఆవిడ ఇద్దరు పిల్లలు ఉన్నారు, పందిరి వేయడానికి వచ్చి భోజనం దాకా ఉండిపోయిన పక్కింటి ఈశ్వరరావు ఉన్నాడు, గంప కింద ఒక కోడి ఉంది. ఓణీ కట్టించుకున్న లోవలక్ష్మి మాత్రం ఎవరికీ కనబడలేదు. చివరికి వంటింట్లో బియ్యం డబ్బా వెనక దొరికింది. "ఫంక్షన్ నీకేటే, డబ్బాకేటే?" అంటూ మేనత్త చెయ్యి పట్టి లాక్కొచ్చి, పీట మీద కూర్చోబెట్టి, ఒళ్ళో నన్ను పెట్టింది.

నేను ఒక స్టీలు కంచాన్ని.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ఒక పెద్ద రేకు, దాని మీదకి దిగిన అచ్చు, ఒకే ఒక్క దెబ్బ. తర్వాత అంచు మడిచారు, మెరుగు పెట్టారు, కాగితం చుట్టి సామాన్ల కొట్టుకి పంపారు. పుట్టినప్పుడు తిన్న ఆ దెబ్బ తర్వాత చాలాకాలం నన్ను ఎవరూ కొట్టలేదు. ఆ సంగతి ముందు అవసరపడుతుంది కాబట్టి ఇప్పుడే చెప్తున్నాను.

కొట్టు యజమాని కరెంటు సూదితో నా అంచు మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు చెక్కాడు: 'చి. లోవలక్ష్మికి మేనత్త సన్యాసమ్మ దీవెనలతో'. పిల్ల పేరు చిన్నగానూ మేనత్త పేరు పెద్దగానూ పడ్డాయి. మనుషులు ఇచ్చే వస్తువు కన్నా ఇచ్చినవాళ్ళ పేరు ఎక్కువ కాలం మన్నాలని కోరుకుంటారు. నాకేం అభ్యంతరం లేదు. ఆ పేరు లేకపోతే హాస్టల్లో మొదటి వారమే నేను ఇంకెవరి కంచమో అయిపోయేదాన్ని.

లోవలక్ష్మి ముఖం నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పదిమందిలో కూర్చుంటే ఆ పిల్ల తల ఎత్తేది కాదు. చుట్టాలు మాట్లాడించినా జవాబు నాకే చెప్పేది. "ఏ క్లాసు?" అని వాళ్ళు అడిగితే, "ఇంటర్" అని పప్పన్నంతో అనేది. కాలేజీ చదువుకి టౌనుకి పంపుతున్నప్పుడు నాయనమ్మ అన్న మాట ఒకటే. "కంచం జాగర్త. నీకు మాట్లాడేది అదొక్కటే."

టౌనులో ఆడపిల్లల డిగ్రీ కాలేజీ. దాని వెనకే హాస్టల్. ఎవరి కంచం వాళ్ళే తెచ్చుకోవాలి, ఎవరిది వాళ్ళే కడుక్కోవాలి, కంచం మెస్ గుమ్మం దాటకూడదు. ఈ మూడో నిబంధన వంటమనిషి సూరమ్మది. గిన్నెలూ గరిటెలూ గదుల్లోకి వెళ్ళి మళ్ళీ తిరిగి రావని ఆవిడ అనుభవం.

ఆ మెస్‌లో ఒక ఆచారం ఉంది. అన్నం పలుకుగా ఉన్నా, సాంబారు నీళ్ళలా ఉన్నా పిల్లలు నోటితో ఏమీ అనరు. ఎవరో ఒకరు గరిటెతోనో చెంచాతోనో కంచం మీద కొడతారు. పక్కమ్మాయి అందుకుంటుంది. టక్ టక్ టకటక్, టక్ టక్ టకటక్. హాలంతా అదే దరువు. వార్డెన్ హైమావతి మేడం పరుగున వస్తారు, సూరమ్మ గరిటె పట్టుకుని పోట్లాటకి దిగుతుంది, మర్నాడు అన్నం మెత్తగా ఉంటుంది. ఈ విద్య ఏళ్ళ తరబడి సీనియర్ల నుంచి జూనియర్లకి వస్తోంది. అక్కడి కంచాలన్నిటికీ నడుమ సొట్టలే. నాకొక్కదానికే లేదు. ఎంతమంది కొడుతున్నా లోవలక్ష్మి నన్ను ఒళ్ళోకి తీసుకుని పలుకు అన్నాన్నే నమిలి మింగేది. అలమారులో నేను మాత్రం కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తుంటే మిగతా కంచాల మధ్య నాకు సిగ్గుగా ఉండేది.

లోవలక్ష్మి గదిలో ఉండే సీనియరు పేరు బ్లెస్సీ. ఉప్పాడ పక్కన సముద్రం ఒడ్డు ఊరు ఆమెది. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకి కెప్టెన్. పొడవు ఎంతంటే, గదిలో ఫ్యాను కింద చేతులెత్తి జడ వేసుకోవడం మానేసింది. రోజూ సాయంత్రం హాస్టల్ వెనక సిమెంటు కోర్టులో జట్టు ఆడేది. కోర్టు పక్కన పొడుగునా మెట్లు. ఆ మెట్ల మీద కూర్చునేవాళ్ళు లేరు. ఒక నల్లకుక్క వచ్చేది, దానికీ ఆట మీద ధ్యాస ఉండేది కాదు.

ఒకరోజు బ్లెస్సీ గదిలోకి వచ్చి బంతిని మంచం కిందకి తన్నిందట. ఇది నేను తర్వాత వాళ్ళ మాటల్లో విన్నదే.

"షెడ్డు వేస్తారంటే లోవా. స్కూటీలకి."

"ఎక్కడక్కా?"

"ఎక్కడేటి, కోర్టులోనే. ప్రిన్సిపాల్ మేడం అన్నారంట. 'ఆడేవాళ్ళే తప్ప చూసేవాళ్ళు లేని ఆటకి అంత చోటెందుకు, బళ్ళు ఎండలో మాడుతున్నాయి' అని. మా ఆటల మేడం బతిమాలితే ఒక్క మాట ఒప్పుకున్నారు. ఈ ఏడాది కాలేజీల పోటీ మన దగ్గర జరుగుతుంది కదా. ఆ రోజు మెట్ల మీద మన పిల్లలు కనబడితే కోర్టు ఉంటుంది. లేకపోతే వేసవి సెలవుల్లో రేకులు దింపుతారు."

లోవలక్ష్మి వంగి మంచం కింది బంతిని బయటికి తీసింది. బ్లెస్సీయే మళ్ళీ అంది. "ఇంటరవగానే రొయ్యల కంపెనీలో చేరాల్సినదాన్ని నేను. ఈ కోర్టు కోసం ఇక్కడికొచ్చాను. మా ఊరి పిల్లలు ఇద్దరు నా వెనకే వస్తామంటున్నారు. వచ్చాక వాళ్ళకేం చూపించనే, స్కూటీలా?"

మర్నాడు మధ్యాహ్నం బ్లెస్సీ మెస్‌లో బల్ల ఎక్కి ఉపన్యాసం ఇచ్చింది. కాలేజీ పరువు అంది, ఆడపిల్లల శక్తి అంది, మనమంతా ఒక్కటి అంది. నేను అక్కడే ఉన్నాను, బెండకాయ పులుసుతో. అందరూ చప్పట్లు కొట్టారు. సాయంత్రం ఇద్దరు వచ్చారు, అందులో ఒకమ్మాయి తన చున్నీ మెట్ల మీద ఆరేసుకోవడానికి వచ్చింది. మనుషులు మంచి మాటకి చప్పట్లు కొట్టి అక్కడితో అప్పు తీరిపోయిందనుకుంటారు.

ఆ పోటీకి ముందు ఆట పొద్దుపోయేదాకా సాగుతుండేది. జట్టు మెస్‌కి వచ్చేసరికి కూర అడుగంటేది. ఒకసారి బ్లెస్సీ వట్టి మజ్జిగన్నం తిని పడుకోవడం చూసి, మర్నాడు లోవలక్ష్మి నా నిండా అన్నం, కూర పెట్టించుకుని, ఇంకో కంచం బోర్లించి, గుమ్మం వైపు నడిచింది.

"ఎక్కడికమ్మా కంచం?" అంది సూరమ్మ.

లోవలక్ష్మి నా వైపు చూసింది. నేను జవాబు చెప్పలేను కదా. నిలబడిపోయింది.

"నోట్లో నాలుక లేదేటి నీకు? ఆ పొడుగమ్మాయికేనా? సరే ఫో. కంచం తిరిగి రాకపోతే మీ సన్యాసమ్మత్తకి కబురెడతాను." ఆవిడ నా అంచు మీది పేరు ఎప్పుడో చదివేసింది.

అలా నేను మెస్ గుమ్మం దాటాను.

బ్లెస్సీ ఆట ఆపి వచ్చేదాకా లోవలక్ష్మి మెట్ల మీద నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఊరికే కూర్చోలేక ఆట చూసేది. కొన్నాళ్ళకి తన భోజనం కూడా అక్కడికే తెచ్చుకోవడం మొదలుపెట్టింది. మెస్‌లో రెండు ఫ్యాన్లు, అందులో ఒకటి తిరగదు. మెట్ల మీద మాత్రం కోర్టు అవతలి కాలువ గాలి చల్లగా తగులుతుంది. అన్నం వరసలో వెనక నిలబడ్డ అమ్మాయి "ఎక్కడికే రోజూ?" అని అడిగింది. "గాలికి" అంది లోవలక్ష్మి. ఆ ఒక్క మాట బ్లెస్సీ ఉపన్యాసం చేయని పని చేసింది. ఆ అమ్మాయి వచ్చింది, ఆమె గదివాళ్ళు వచ్చారు, వాళ్ళ స్నేహితులు వచ్చారు. సూరమ్మ గుమ్మం దగ్గర ముక్కు మీద వేలేసుకుని, చివరికి కూర గిన్నెనే మెట్ల దగ్గరికి మోయించింది. కంచాల వెంట తిరగడం కన్నా అదే నయమంది.

వాళ్ళంతా వచ్చింది అన్నానికే. కానీ ముందు ఏదో జరుగుతుంటే మనుషులు చూడకుండా ఉండలేరు.

"బంతి పట్టుకుని పరిగెత్తచ్చు కదా, ఎందుకలా నేలకేసి కొట్టుకుంటూ పోవడం?" అని ఒకమ్మాయి అడిగింది.

లోవలక్ష్మి ముద్ద మింగి, నా వైపే చూస్తూ చెప్పింది. "కబడ్డీలో కూత ఆపకూడదు కదా. ఇక్కడ బంతి ఆపకూడదు."

"ఓస్, అంతేనా."

అంతే. ఊరి బళ్ళలో కబడ్డీ ఆడి వచ్చినవాళ్ళే అందరూ. ఆ ఒక్క మాటతో వాళ్ళకి ఆట తెలిసిపోయింది. ఆ తర్వాత బంతి ఎవరైనా చేతిలో ఆపితే "కూత పోయింది" అని మెట్ల మీద నుంచి గుసగుసలు వినబడేవి. గుసగుసలే. గట్టిగా అరవడానికి ఒక్కరికీ నోరు రాలేదు.

పోటీ రోజు సాయంత్రం ప్రిన్సిపాల్ మేడం, అతిథులు కోర్టు పక్కన కుర్చీల్లో కూర్చున్నారు, వెనక హైమావతి మేడం. ఎదుటి జట్టు పెద్ద కాలేజీది. వాళ్ళతో ఒక బస్సు నిండా పిల్లలు వచ్చారు. వాళ్ళకి ఈలలున్నాయి, డోలుంది, ఒకే రంగు చొక్కాలున్నాయి. మన పిల్లలూ మెట్ల నిండా వచ్చారు, అలవాటుగా కంచాలతో. ఆట ముగిశాక భోజనం అక్కడే కదా, అన్నం గుండిగ అప్పటికే మెట్ల పక్కన దిగింది. కానీ అతిథుల ముందు అందరూ చేతులు కట్టుకుని, పరీక్ష రాయడానికి వచ్చినట్టు కూర్చున్నారు.

అవతలివాళ్ళ డోలు మోగుతోంది. మన జట్టు వెనకబడుతోంది. బ్లెస్సీ వేసిన బంతులు రింగుకి తగిలి తిరిగొస్తున్నాయి. ఒకసారి మెట్ల వైపు చూసింది. అంతమంది ఉన్నారు, ఒక్క చప్పుడు లేదు. ప్రిన్సిపాల్ మేడం పక్కనున్న ఆయనతో, "మా పిల్లలకి ఇలాంటివాటి మీద ఆసక్తి తక్కువండి. బలవంతం చేస్తే వచ్చారు" అనడం మాకు వినబడింది.

నన్ను పట్టుకున్న వేళ్ళు చల్లబడ్డాయి. చెంచా ఒకసారి లేచి ఆగింది, మళ్ళీ లేచింది.

టక్.

అది పుట్టినప్పటి నుంచి నేను తిన్న రెండో దెబ్బ. తలలన్నీ ఇటు తిరిగాయి. ఎప్పుడూ కొట్టని పిల్ల కొట్టింది. లోవలక్ష్మి తల వంచుకునే మళ్ళీ కొట్టింది. టక్ టక్ టకటక్. పక్కమ్మాయి అందుకుంది. కింది మెట్టు అందుకుంది. అందరికీ కలిసి చేయడం తెలిసిన చప్పుడు ఆ హాస్టల్లో అదొక్కటే. మెట్లన్నీ మోగిపోయాయి. అవతలి డోలు వినబడకుండా పోయింది.

హైమావతి మేడం ముఖం పాలిపోయింది. అతిథుల ముందు తిండి గొడవ మొదలైందనుకుని చేతులు ఊపుతూ మెట్ల దగ్గరికి వచ్చారు. "సాంబారు మారుస్తాను, రేపే మారుస్తాను, ముందు ఆపండమ్మా." మెస్ వైపు నుంచి సూరమ్మ గరిటెతో పరుగెత్తుకొచ్చింది. దరువు తగ్గి, ఆగింది. ఎవరు చెప్పాలో తెలియక అందరూ లోవలక్ష్మిని చూశారు.

"ఏటయిందమ్మా?" సూరమ్మకి ఆయాసంతో పాటు ఏడుపూ వస్తోంది. "ఇవాళ పెద్దోళ్ళు వస్తారని దగ్గరుండి వార్చాను కదా. ఇవాళ కూడా పలుకేనేటి?"

లోవలక్ష్మి లేచి నిలబడింది. నన్ను గుండెలకి అదుముకుంది. అందుకే ఆ గుండె ఎలా కొట్టుకుందో నాకు తెలుసు. అప్పుడు ఆ పిల్ల నాతో కాదు, మనుషులతో మాట్లాడింది. ప్రిన్సిపాల్ మేడం కుర్చీ దాకా వినబడేలా మాట్లాడింది.

"అన్నానికి కాదు పిన్నీ. ఆట బాగుందని కొడుతున్నాం."

సూరమ్మ కోర్టు వైపు చూసింది, మెట్ల వైపు చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయితే ఆ కొట్టుడేటి? నా సాంబారు మీద దీనికి రెట్టింపు కొట్టేవోరు కదా." అని గరిటెతో అన్నం గుండిగ మీద తనే ఒకటి వేసింది.

ఆ తర్వాత జరిగింది ఆట కాదు, పండగ. బ్లెస్సీ నవ్వుతూ ఆడింది. మూడు పాయింట్ల గీత అవతల నుంచి బంతి విసిరి, అది పడిందో లేదో చూడకుండా మెట్ల వైపు తిరిగింది. పడింది. నా నడుమ సొట్ట పడింది కూడా అప్పుడే.

మన జట్టు ఒక్క బుట్ట తేడాతో ఓడిపోయింది. ఆ సంగతి మెట్ల మీద సగంమందికి తెలియలేదు. గెలిచిన జట్టు వెళ్ళి బస్సెక్కాక కూడా కంచాలు మోగుతూనే ఉన్నాయి. ప్రిన్సిపాల్ మేడం చెవులు మూసుకునే, "వీళ్ళు ఎప్పుడూ ఇంతేనా?" అని వార్డెన్‌ని అడిగారు. "కోర్టులో అయితే ఇదే మొదటిసారండి" అన్నారు హైమావతి మేడం, చాలా నిజాయితీగా. స్కూటీల షెడ్డు గేటు పక్కకి మారింది.

సొట్ట పడ్డాక సాంబారు నాలో ఒక పక్కకే పారేది. లోవలక్ష్మి ఆ పక్కకే అన్నం జరుపుకుని తినేది. నాకు ఏ బాధా లేదు. అలమారులో ఇప్పుడు నేనూ అందరిలాంటిదాన్నే. నన్ను చేసిన అచ్చుకీ, ఒళ్ళో పెట్టిన సన్యాసమ్మకీ, గుమ్మం దాటనిచ్చిన సూరమ్మకీ నేను రుణపడి ఉన్నాను. అందరికన్నా ఎక్కువగా ఆ చల్లబడ్డ వేళ్ళకి. ఎంత భయపడి కొట్టాయో నాకొక్కదానికే తెలుసు.

ఏడాది చివర బ్లెస్సీ చదువు అయిపోయింది. పెట్టె సర్దుకుంటూ లోవలక్ష్మిని అడిగింది. "నీ కంచం ఇస్తావేటే?"

"నీకా అక్కా?"

"కప్పుల బీరువాకి. రేపు ఇంకో ప్రిన్సిపాల్ వస్తారు, మళ్ళీ షెడ్డంటారు. చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. మనకి కప్పెలాగూ రాలేదు."

"నేనెందులో తినను?"

"నా దాంట్లో తిను. సొట్టలు ఇంకా ఎక్కువ."

ఆటల మేడం గదిలో అద్దాల బీరువా ఉంది. అందులో పాత కప్పులు ఉన్నాయి, మెరిసేవి, చెవులున్నవి. ఒక్కటీ అన్నం ఎరగదు. లోవలక్ష్మి నన్ను చింతపండు పెట్టి తోమి, తుడిచి, వాటి మధ్య నిలబెట్టింది. ఎన్నాళ్ళనుంచో ఆ ముఖాన్ని నేను కింద నుంచే చూశాను. ఇప్పుడు ఎదురుగా ఉంది. తల వంచలేదు. సొట్టలో తన ముఖం వంకరగా కనబడితే కొంచెం నవ్వింది.

కోర్టు వైపు నుంచి దరువు మొదలైంది. ఆలస్యమైపోతుందని బ్లెస్సీ ఇచ్చిన కంచాన్ని చంకలో పెట్టుకుని, లోవలక్ష్మి బీరువా తలుపు వేసింది.