సాకిన్ కుట్టిన నొక్తో

అమ్మబోయే గుర్రానికి కొత్త నొక్తో కుడుతున్నానంటే ఊరు నవ్వక ఏం చేస్తుంది? నవ్వింది. సాకిన్ పట్టించుకోలేదు. పట్టించుకోవడానికి కూడా ఓపిక ఉండాలి కదా, ఆమెకు అది ఎప్పుడో అడుగంటింది. మోకాళ్ళు అరిగిపోయాయి. ఎండాకాలమంతా కొండ మీద పరాయివాళ్ళ ఆడ గుర్రాల పాలు పితికి పితికి వేళ్ళు సరిగ్గా ముడుచుకోవడం మానేశాయి. ఇంకో చలికాలం మంచులో గడ్డి మోయడం తన వల్ల కాదని తేలిపోయాకే, చనిపోయిన భర్త మిగిల్చిన ఒక్కగానొక్క గుర్రాన్ని, చాబ్దార్‌ని, నది అవతల కారాసు ఊరి తాష్తాన్‌కు అమ్మడానికి ఒప్పుకుంది. వామిలో ఉన్న గడ్డి కూడా అతనికే ఇచ్చేసింది. మొదటి మంచు పడగానే వచ్చి తోలుకుపోతానన్నాడు తాష్తాన్.

నొక్తో అంటే కళ్ళెం కాదు. గుర్రం నోట్లో ఇనుము ఉండదు. ముక్కు మీద ఒక పట్టీ, చెంపలకు రెండు, చెవుల వెనక ఒకటి, గడ్డం కింద తాడు కట్టుకోవడానికి ఒక కడియం. అంతే దాని సంబడం. కానీ ఆ కొండల్లో గుర్రాన్ని అమ్మినవాడు గుర్రాన్నే ఇస్తాడు, నొక్తో ఇవ్వడు. విప్పి ఇంట్లో మేకుకు తగిలించుకుంటాడు. కొన్నవాడు తన నొక్తో తనే తెచ్చుకోవాలి. గుర్రం చెమట పట్టిన ఆ తోలులో ఇంటి బరకత్, ఇంటికి కలిసొచ్చే చలువ, ఉంటుందనీ, అది గడప దాటితే బరకత్ కూడా దాటిపోతుందనీ అక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. తెలిసీ తెలియనట్టు చేసినవాడు ఆ ఊళ్ళో ఒక్కడే. వాడు సాకిన్ మొగుడు అబ్దిల్దా.

పెళ్ళయిన కొత్తల్లో సంగతి అది. మంచు కురుస్తున్న సాయంత్రం ఒక ఆడ గుర్రాన్ని అమ్మి, తాతలనాటి వెండి బిళ్ళల నొక్తోను దాని తల మీదే వదిలేసి, చేతులూపుకుంటూ ఇంట్లోకి వచ్చాడు అబ్దిల్దా. నొక్తో ఏదని ఆమె అడిగింది. "వాడు తెచ్చిన తాడుకి ముక్కు కోసుకుపోతోంది, సాకిన్," అన్నాడు, మంచు దులుపుకుంటూ. ఆ తర్వాత ఇద్దరూ నెల రోజులు సరిగ్గా మాట్లాడుకోలేదు.

అక్కడి నుంచి ఆ ఇంట్లో ఏం జరిగినా ఆ నొక్తో ఖాతాలోకే వెళ్ళింది. ఆవు చూడి ఈచుకుపోయినా, పైకప్పు కారినా, కడుపు పండకపోయినా సాకిన్ నోట అదే మాట: "నువ్వు ఆ రోజు బరకత్‌ని దానం చేసొచ్చావు కదా." అబ్దిల్దా ఎదురు చెప్పే రకం కాదు. టీ గిన్నెలోకి చూస్తూ కూర్చునేవాడు. చివరికి ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డప్పుడు కూడా ఆమె ఆ మాట అనకుండా ఉండలేకపోయింది. అతను పోయిన తర్వాత ఇంట్లో తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. చాబ్దార్‌ని ఎప్పుడూ ఏదో తాడుతోనే కట్టారు కాబట్టి, అమ్మాక తగిలించుకోవడానికి మేకు మీద ఏమీ ఉండదు. తాడు ముక్కలో ఏ బరకత్ నిలుస్తుంది? ఈసారి మాత్రం ఇంటిది ఇంట్లోనే ఉండాలని సాకిన్ పట్టుబట్టింది. గుర్రం వెళ్ళేలోపు నొక్తో తయారవ్వాలి, కొన్నాళ్ళయినా గుర్రం దాన్ని తొడుక్కుని తోలుకు చెమట పట్టించాలి. అందుకే ఎసెంగుల్ ముసలాయన గుమ్మం తొక్కింది.

ఎసెంగుల్ జీన్లు కుట్టి కుట్టి ఒక కన్ను పోగొట్టుకున్నవాడు. అబ్దిల్దాకు పెదనాన్న వరస. అత్తింటి పెద్దల పేరు కోడలు నోటితో పలకకూడదు కాబట్టి ఆమెకు ఆయన ఎప్పుడూ మామయ్యే. ఆమె జుట్టు నెరిసినా ఆయనకు ఆమె కొత్త కోడలే. తోలు పని నేర్పమని అడిగితే, నేర్పడం తనకు రాదనీ, తప్పు చేస్తే తిట్టడం మాత్రం వచ్చనీ చెప్పి పక్కకు జరిగి చోటిచ్చాడు.

తిట్టడంలో ఆయన లోటు చేయలేదు. మొదటి రోజే ఆమె దారంతో గుర్రం తల కొలుచుకుని వెళ్ళింది. మేస్తున్నప్పుడు కొలిచావా, నిలబడి ఉన్నప్పుడా అని అడిగాడు. నిలబడి ఉన్నప్పుడని చెప్పింది.

"అయితే అది నిలబడే బతకాలి. నమలడానికి దవడ ఆడొద్దూ, కోడలా?"

మళ్ళీ వెళ్ళి, గుర్రం గడ్డి నములుతుంటే దాని వెనకాలే తిరుగుతూ కొలుచుకొచ్చింది. తర్వాత తోలు కోత. సూది తేలిగ్గా దిగుతుందని పొట్ట వైపు తోలులోంచి పట్టీలు కోసింది. గొర్రె తోక కొవ్వు పట్టించి, నలిపి, ఆరబెట్టింది. మర్నాటికి అవి నీళ్ళలో నానిన పేగుల్లా సాగి వేలాడాయి. పొట్ట తోలు సాగుతుందనీ, నొక్తోకు వెన్ను తోలే కావాలనీ అప్పుడు చెప్పాడు ముసలాయన. ముందే చెప్పొచ్చు కదా అని సాకిన్ గొణిగింది. ముందే చెబితే రేపు మర్చిపోతావు, ఇప్పుడిక చచ్చేదాకా మర్చిపోవు అన్నాడాయన. అది నిజమేనని ఆమెకు మరింత ఒళ్ళు మండింది.

వెన్ను తోలు మొండిది. తోలు కుట్టే ఆరెతో కన్నం పొడవడానికే మణికట్టు జివ్వుమనేది. మైనం పట్టించిన దారానికి రెండు కొసలా రెండు సూదులు. ఒక్కో కన్నంలో ఒకటి ఇటు నుంచి, ఒకటి అటు నుంచి వెళ్ళాలి. నాలుగు కుట్లు వేసి కళ్ళు మూసుకునేది. ఒకసారి అలాగే కూర్చుని నిద్రపోయింది కూడా. ముక్కు పట్టీ లోపల వైపు ఒత్తిన ఉన్ని అతికించి కుట్టమంటే, ఎవరికీ కనపడని చోట ఈ గొడవెందుకని విసుక్కుంది. ఆ పట్టీని నీ ముక్కుకు కట్టుకుని ఒక పూట తిరిగి రా, తర్వాత మాట్లాడదాం అన్నాడు ఎసెంగుల్. నోరు మూసుకుని కుట్టింది.

అలంకారం దగ్గర మాత్రం ఆమెకు ప్రాణం లేచొచ్చింది. చెంప పట్టీల మీద పొట్టేలు కొమ్ముల ముగ్గు దించాలని ఆశ. ఉలితో అచ్చు గుద్దుతూ పోయింది. కుడి చెంప మీద కొమ్ములు బాగానే తిరిగాయి. ఎడమ చెంప దగ్గరకు వచ్చేసరికి చెయ్యి అలిసిపోయి, మెలిక తప్పింది. ఎసెంగుల్ దాన్ని మంచి కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇటు పొట్టేలు. సరే. అటు ఉన్నదేమిటి, నిప్పులో పడ్డ పురుగా?"

ఆమె నవ్వింది. అబ్దిల్దా పోయాక అలా నవ్వడం అదే మొదలు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. ఇత్తడి బిళ్ళలు ముసలాయన తన పెట్టెలోంచి తీసిచ్చాడు.

చాబ్దార్ దాన్ని పేచీ పెట్టకుండా తొడిగించుకుంది. ముసలి గుర్రం, ఓపికైన గుర్రం. నదికి తీసుకెళ్ళి, కట్టెలు లాగించి, సాకిన్ ఆ తోలుకు బాగా చెమట పట్టించింది. మంచు పడింది. తాష్తాన్ వచ్చాడు. మర్యాద తెలిసిన మనిషి. తనే నొక్తో విప్పి రెండు చేతులతో ఆమెకు అందించి, మీ బరకత్ మీ ఇంట్లోనే ఉండాలి అక్కా అన్నాడు. తను తెచ్చిన నీలం నైలాన్ తాడు నొక్తో గుర్రానికి తగిలించి తీసుకుపోయాడు. గడ్డి బండి వెనకాలే వెళ్ళింది. సాకిన్ తను కుట్టిన నొక్తోను మేకుకు తగిలించి, దాని ఎదురుగా కూర్చుని రొట్టె తింది. హమ్మయ్య, ఈ ఒక్క పనైనా సరిగ్గా చేశాను అనుకుంది. ఆ వారం ఆమె తెల్లారేదాకా మెలకువ రాకుండా పడుకుంది.

ఒక పొద్దున తలుపు తీసేసరికి చాబ్దార్ వాకిట్లో నిలబడి ఉంది. గుర్రాలు పాత ఇంటికి రావడం కొత్తేమీ కాదు. నీలం నొక్తో తల మీదే ఉంది, దాని నుంచి తెగిన తాడు వేలాడుతోంది. గుంజుకుని గుంజుకుని తెంపుకున్నట్టుంది. నైలాన్ ముక్కు ఎముక మీద మాంసంలోకి దిగిపోయింది. నెత్తురు గడ్డకట్టి, వెంట్రుకలు అందులో అతుక్కుపోయాయి. సాకిన్ గోరువెచ్చని నీళ్ళతో తడిపి, అంగుళం అంగుళంగా ఆ తాడును ఊడదీసింది. గుర్రం వణికింది కానీ తల తిప్పలేదు.

తాష్తాన్‌కు ఫోన్ చేసింది. అతను గొర్రెలతో కనుమ దగ్గర మంచులో చిక్కుకున్నాడట, రెండు మూడు రోజులకు గాని దిగలేడట. ఇంట్లో కోడలు ఉంది, ఆమెకు అప్పగిస్తే చాలన్నాడు పాపం. ఇక్కడ ఉంచుకుందామంటే పెట్టడానికి గడ్డి పరక లేదు, అంతా వాళ్ళ వామిలోనే ఉంది. ఎక్కి వెళ్దామంటే మోకాలు జీను ఎత్తుకు లేవదు. కాళ్ళీడ్చుకుంటూ గుర్రం పక్కన నడవాల్సిందే. గుర్రం తలకు ఏదో ఒకటి ఉండాలి కాబట్టి మేకు మీది నొక్తో తీసి తొడిగింది. ఉన్ని వేసిన పట్టీని పుండుకు తగలకుండా రెండు వేళ్ళు పైకి బిగించింది. గుర్రం ఊపిరి వదిలి తల దించింది.

వంతెన దాటి కారాసు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కాళ్ళు తనవి కానట్టున్నాయి. తాష్తాన్ కోడలు పరుగున వచ్చింది. సాకిన్ చేతిలో ఉన్న నీలం నొక్తో చూసి, తిరిగి తొడగడానికి చెయ్యి చాచింది. ఆచారం తెలిసిన పిల్ల. వేరే నొక్తో లేదా అని సాకిన్ అడిగింది. ఉన్నవన్నీ ఇలాంటివేనట, బజార్లో దొరికేవి ఇవేనట.

సాకిన్ గుర్రం చెవి వెనక పట్టీని పట్టుకుంది. బకిల్ విప్పాలి. విప్పితే బరకత్ ఇంటికొస్తుంది. వేళ్ళు దాని మీదే ఉండిపోయాయి. చాబ్దార్ తెచ్చుకున్న పుండు ఆమె కళ్ళకు బెత్తెడు దూరంలో ఉంది.

"ఉండనీ," అంది.

ఆ పిల్ల భయపడింది. "వద్దు అత్తయ్యా. మీ బరకత్ మాకొద్దు. మామయ్య నన్ను చంపేస్తాడు."

"నేనిచ్చానని చెప్పు. వారానికోసారి కొవ్వు రాయి. తడిసిందని పొయ్యి దగ్గర ఆరబెట్టకు, బిగుసుకుపోతుంది." గుర్రం మెడ తట్టి, ఆ నీలం తాడు చేతిలోనే ఉందన్న సంగతి కూడా మర్చిపోయి వెనక్కి తిరిగింది.

ఊళ్ళోకి వచ్చేసరికి మళ్ళీ మంచు మొదలైంది, పొద్దు వాలుతోంది. ఎసెంగుల్ గుమ్మంలో కూర్చుని ఆఖరి వెలుతురులో దారానికి మైనం పట్టిస్తున్నాడు. ఆమె చేతిలో వేలాడుతున్నది చూసి, తోలుది ఏదని అడిగాడు. పురుగు ఉన్నదా, పొట్టేలు ఉన్నదా అని ఎకసెక్కం కూడా చేయబోయాడు.

"వాళ్ళ తాడుకి ముక్కు కోసుకుపోతోంది, మామయ్యా," అంది సాకిన్, మంచు దులుపుకుంటూ.

అన్నాక తన మాట తనకే వినపడింది. దులుపుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. ఎసెంగుల్ మంచి కన్ను పక్కకు తిప్పుకున్నాడు. ఆమె అక్కడే గడప మీద కూలబడి, నీలం తాడు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఇన్నేళ్ళలో నొక్తో గురించి ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. ఆ ఆడ గుర్రం ముక్కు ఎలా ఉందని అబ్దిల్దాను ఒక్కసారి కూడా అడగలేదు.