ఫ్రీజర్ తలుపు మీద చివరి లైను

ఆ ఇంట్లో అత్తగారికి రోజుకి పదిసార్లైనా వినబడే మాట ఒకటుంది. "మీరు కూర్చోండి అత్తయ్యా." గిన్నె ఎత్తబోతే అదే మాట, చీపురు పట్టబోతే అదే మాట, కనీసం తాగిన గ్లాసు కడుగుదామని పంపు తిప్పినా అదే మాట. అదైనా కోడలు కసురుకుంటూ అంటుందా అంటే, లేదు. నవ్వుతూ, ప్రేమగా అంటుంది. అందుకని కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేదు. ముప్పై ఒక్కేళ్ళు పోస్టాఫీసులో నిలువుకాళ్ళ మీద ఉత్తరాలు ఏరి గూళ్ళలో వేసిన మనిషి, ఉద్యోగం అయిపోయి కొడుకింటికి వచ్చి, నాలుగు నెలలుగా కూర్చునే ఉంది. కూర్చుని కూర్చుని, తను ఈ ఇంట్లో మనిషా లేక కుర్చీలో పెట్టిన సామానా అని ఆవిడకి అనుమానం పట్టుకుంది.

కోడలు గయ్యాళి అనుకునేరు, కానే కాదు. ఆ పిల్ల ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. వంటగదే ఆమె ఆఫీసు. కేకుల్లో వేసే బ్లూబెర్రీలు, అంటే గోళీలంత నీలం పళ్ళు, ఏడాదిలో మూడు వారాలే బాగా దొరుకుతాయి. అప్పుడే కొని, ఫ్రీజర్లో గడ్డకట్టించి, ఏడాది పొడుగునా వాడుకుంటుంది. ఆ ఫ్రీజర్ తలుపు మీద ఆమె చేత్తో రాసిన కాగితం ఒకటి అంటించి ఉంది. మొత్తం ఆరు లైన్లు. అత్తగారు వచ్చిన మొదటిరోజు కళ్ళజోడు లేకుండా చూస్తే, పెద్ద అక్షరాల్లో ఉన్న చివరి లైను ఒక్కటే కనబడింది. "నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు." ఆవిడ మనసు చివుక్కుమంది. మిగతా ఐదు లైన్లూ చదవాలని మళ్ళీ ఎప్పుడూ అనిపించలేదు.

ఆ గురువారం ఉదయం పళ్ళు వచ్చాయి. నాలుగు డబ్బాలు, ఒక్కోటి కిలో పైమాటే. కోడలు వాటిని బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుంటూ హడావిడిగా చెప్పింది.

"రేపు పదకొండింటికి వీధి చివర టీ దుకాణం ఆవిడ రుచి చూడ్డానికి వస్తుంది అత్తయ్యా. నచ్చితే రోజూ మన కేకే తీసుకుంటుందట. మైదా, కొత్త ట్రేలు తెచ్చుకుని మూడింటికల్లా వచ్చేస్తా. పళ్ళ సంగతి నేనొచ్చి చూసుకుంటాను. మీరు కూర్చోండి."

కూర్చుంది. పదినిమిషాలు కూర్చుంది. తర్వాత లేచి వెళ్ళి డబ్బా మూత తీసి చూసింది. పళ్ళ నిండా తెల్లగా, పలచగా ఏదో పొర.

"అయ్యో, బూజు పట్టేసిందే! ఎవడో మోసం చేసి అంటగట్టాడు పిల్లకి," అనుకుంది.

ఇక చూడాలి ఆవిడ ఉత్సాహం. కొంగు బిగించి, పళ్ళని గిన్నెలో పోసి, నాలుగు నీళ్ళతో కడిగింది. ఊరికే కడగడమా, ఒక్కో పండునీ బొటనవేలితో రుద్ది రుద్ది కడిగింది. తెలుపు పోయి పళ్ళు నిగనిగలాడుతుంటే, నాలుగు నెలల్లో మొదటిసారి ఆవిడకి తనమీద తనకి గౌరవం కలిగింది. మూడు డబ్బాలు అయ్యేసరికి నడుము పట్టేసింది. నాలుగోది తర్వాత చూద్దామని వదిలేసి, కడిగినవాటిని కడిగినట్టే, నీళ్ళోడుతుండగానే మూడు సంచుల్లో కుక్కి, మూతి బిగించి ఫ్రీజర్లో పెట్టింది. ముట్టుకోకూడదన్న లైను గుర్తులేక కాదు. ఇల్లు కాలుతుంటే తలుపు తట్టి లోపలికి వెళతామా ఏమిటి?

రెండున్నరకి సంచుల మీద తారీఖు రాద్దామని కళ్ళజోడు పెట్టుకుని ఫ్రీజర్ తెరిచింది. మొదటి సంచి బయటికి తీస్తే అది పళ్ళ సంచిలా లేదు, ఇటుకలా ఉంది. బల్ల మీద పెడితే ఠంగుమంది. నీళ్ళూ పళ్ళూ కలిసి ఒకే రాయి. రెండోదీ అంతే, మూడోదీ అంతే. తలుపు మూస్తుంటే కాగితం ఎదురుగా కనబడింది. కళ్ళకి జోడుంది కాబట్టి ఈసారి మొత్తం చదవక తప్పలేదు.

"తెల్లపొర బూజు కాదు, పండుని కాపాడేది అదే, పోనివ్వకూడదు. ముందు కడగకూడదు. మెత్తబడ్డవి, తొడిమలున్నవి ఏరేయాలి. ట్రేలో ఒకే వరసలో, ఒకదానికొకటి తగలకుండా పరిచి గట్టిపడ్డాకే సంచిలో పోయాలి. కడగడం వాడేముందే, ఒక్క మునక, వెంటనే తుడవాలి. నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు."

ఆవిడకి ఒక్క క్షణం దుర్బుద్ధి పుట్టింది, మూడు ఇటుకల్నీ బఠాణీల సంచి వెనక్కి తోసేద్దామా అని. కానీ ముప్పై ఒక్కేళ్ళలో చిరిగిన ఉత్తరాన్ని కూడా దాచని మనిషి. ఆవిడ భయమల్లా ఒక్కటే. ఇన్నాళ్ళూ మర్యాదకి అన్న "మీరు కూర్చోండి" అన్న మాట ఇవాళ్టితో నిజమైపోతుంది. ఇక చచ్చేదాకా ఈ వంటగది గడప తొక్కనివ్వరు.

మూడింటికి కోడలు రెండు చేతుల్లో సామాన్లతో వచ్చేసరికి అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది.

"అదేంటి నిలబడ్డారు, మీరు కూర్చో..."

"కూర్చోనమ్మా. ముందు ఇటు రా, ఇది చూడు. బూజనుకుని కడిగేశాను. నీ కాగితం ఇందాకే చదివాను. అన్నీ పాడుచేశాక."

కోడలు ఇటుకల వంక చూసింది. ఒక సంచిని చేత్తో తట్టి, స్టూలు మీద కూలబడింది.

"కేకులోకి పళ్ళు విడివిడిగా రావాలి అత్తయ్యా. ఇవి కరిగించి వేస్తే రసమంతా కారి పిండి బూడిదరంగులోకి తిరుగుతుంది. ఆవిడ దాన్ని నోట్లో కూడా పెట్టుకోదు."

"నువ్వు తప్ప ఎవరూ ముట్టుకోకూడదని రాశావు. ఆ ముక్క వచ్చినరోజే చదివాను. చదివి కూడా ముట్టుకున్నాను. అది ఇంకా పెద్ద తప్పు."

కోడలు తలెత్తింది. "వచ్చినరోజే చదివారా? అత్తయ్యా, అది మీకు రాసింది కాదు! మీ అబ్బాయికి. రెండేళ్ళ కిందట రాశాను. టీవీ చూస్తూ గుప్పెళ్ళకి గుప్పెళ్ళు తినేస్తుంటే."

"మరి పొద్దస్తమానం నన్ను కూర్చోమంటావేం?"

"మా అమ్మని ఒక్కరోజు కూడా ఎవరూ కూర్చోమనలేదు," అంది కోడలు మెల్లగా. "అందుకని మిమ్మల్నైనా..."

నాలుగు నెలలు అత్తగారు శిక్ష అనుకున్నది ఆ పిల్ల బహుమానం అనుకుంటూ ఇచ్చింది. ఇద్దరూ కలిసి ఎంత తెలివితక్కువ పని చేశారో తలుచుకుంటే ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"నాకు కూర్చుంటేనే కాళ్ళు నొప్పులే తల్లీ. నిలబడితే హాయి," అంది చివరికి. "నాలుగో డబ్బా కడగలేదు. అలాగే ఉంది."

కోడలు దిగ్గున లేచింది. "ఏరడానికే గంట పడుతుంది."

"ఏరడమా? ట్రే ఇలా పెట్టు."

అత్తగారు డబ్బాని బల్ల మీద వంచింది. ఆ తర్వాత ఏం జరిగిందో కోడలికి సరిగ్గా కనబడనే లేదు. కుడిచేయి పళ్ళ మీద తేలిపోతోంది, ఎడమచేయి తోస్తోంది. మెత్తవి ఒక గిన్నెలోకి, తొడిమలున్నవి ఒక పక్కకి, గట్టివి ట్రేలోకి. పొర చెదరకుండా, వేలికొసతో. చూపు అక్కర్లేదు, వేలికే తెలిసిపోతోంది. పావుగంట తిరక్కుండా ట్రే నిండింది. ఒక్క పండు ఇంకోదానికి తగిలితే ఒట్టు.

"ఇదెక్కడ నేర్చుకున్నారు?"

"గంటకి రెండు వేల ఉత్తరాలమ్మా. వాటితో పోలిస్తే ఇవెంత. పైగా వీటి మీద కోడిగీతల రాత ఉండదు," అంది అత్తగారు. చాలా రోజుల తర్వాత గొంతులో పాత పోస్టాఫీసు పలికింది.

ట్రే ఫ్రీజర్లోకి వెళ్ళింది. మూడు ఇటుకల్లో ఒకదాన్ని గిన్నెలో వేసి చక్కెరతో సన్నసెగ మీద చిక్కటి పాకమయ్యేదాకా ఉడికించారు. ఎలాగూ కరగాల్సిందే కదా, దానికి రాయైనా ఒకటే, పండైనా ఒకటే. ఆ గరిట మాత్రం అత్తగారు ఎవరికీ ఇవ్వలేదు.

మర్నాడు ఉదయం కోడలు పిండి కలిపి సిద్ధంగా పెట్టుకుని, "ఇప్పుడు!" అనగానే అత్తగారు ఫ్రీజర్లోంచి పళ్ళు తీసింది. ఒక్క మునక, ఒక్క తుడుపు. పొడి మైదా చల్లి కుదిపితే గులకరాళ్ళలా గలగలలాడాయి. కరిగే లోపలే పిండిలో రెండు తిప్పులు తిప్పి ఓవెన్లో పెట్టేశారు. పదకొండింటికి వచ్చిన టీ దుకాణం ఆవిడ ముక్క కోసుకుని చూసింది. పసుప్పచ్చటి కేకులో ఎక్కడి పండు అక్కడే. రెండు ముక్కలు తిని, పైన పోసిన పాకం ఎవరు చేశారని అడిగి, సోమవారం నుంచి పంపమంది. ఆవిణ్ణి సాగనంపడానికి కోడలు వీధిలోకి వెళ్ళింది.

అప్పుడే పొద్దుటి డ్యూటీ దిగిన కొడుకు పెరటి గుమ్మంలోంచి వచ్చాడు. ఇల్లంతా కేకు వాసన. చేతులైనా కడుక్కోకుండా నేరుగా ఫ్రీజర్ తెరిచి, ట్రేలో మిగిలిన పళ్ళ మీద చెయ్యి వేయబోయాడు. అత్తగారు గరిటతో ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఏరా, చదువుకున్నావు కదా! మీ ఆవిడ తలుపు మీద ఏం రాసిందో కనబడ్డంలేదూ? చివరి లైను చదువు."

"రెండేళ్ళుగా చూస్తున్నాను, చదివేదేముందమ్మా!"

"చదవరా, పైకి చదువు."

కొడుకు విసుగ్గా తలుపు మూసి, కాగితం మీదికి వంగి, ఆగిపోయాడు. "ఇదేంటి, ఇక్కడ కొట్టేసి మార్చింది," అని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు.

"నేనూ, అత్తయ్యా తప్ప ఎవరూ ముట్టుకోకూడదు."

అత్తగారు గరిట బల్ల మీద పెట్టింది. కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది, అయినా ఎదురుగా ఉన్న కాగితం మసకగానే ఉంది.

"ఏదీ," అంది, "మళ్ళీ చదువు."