నివేదన కలిపిన గిన్నెలు

మా అమ్మాయి యామినికి గోధుమ పడదు. తింటే కాస్త కడుపు ఉబ్బరం చేస్తుందని కాదు. దానిది సీలియాక్ అనే జబ్బు. గోధుమలో ఉండే గ్లూటెన్ పిసరంత లోపలికి వెళ్ళినా పేగు లోపలి పొర దెబ్బతింటుంది. మైదా తగిలిన గరిటె పప్పులో పెట్టినా చాలు. దీనికి మందు లేదు, జీవితాంతం తినకుండా ఉండడమే వైద్యం. దానికి ఏడో ఏడు నడుస్తుండగా కాకినాడలో డాక్టరుగారు ఈ సంగతి చెప్పినప్పుడు నా భార్య ఇందిరాదేవి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. వరి పండే ముక్తేశ్వరంలో పుట్టిన పిల్లకు గోధుమతో పనేముంది అనుకుంది. ఇంగువ డబ్బాలో కూడా గోధుమపిండి కలుపుతారనీ, శనివారం రాత్రి అన్నం మానేసే ప్రతి ఇంట్లో ఉప్మాయో చపాతీయో ఉంటుందనీ తరువాత తెలిసింది.

అప్పటినుంచి అమ్మాయి తరఫున అడిగే పని ఇందిరదే. పెళ్ళికి వెళ్ళినా, అమలాపురంలో హోటలుకు వెళ్ళినా ముందు వంటవాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట్లాడి వచ్చేది. యామిని వెనకాల తల వంచుకుని నిలబడేది. ఇందిర కిందటేడు కార్తీకంలో పోయింది. ఆ సంగతి ఇంతకు మించి రాయడం నాకు చేతకాదు.

సంవత్సరీకం అయిన కొద్దిరోజులకు యామినికి శ్రీలంకలో కొబ్బరి ఉత్పత్తుల తయారీలో ఆరు నెలల శిక్షణకు అవకాశం వచ్చింది. వ్యవసాయం చదువుకున్న పిల్ల, కొబ్బరితోటల్లో పెరిగిన పిల్ల. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. దిగబెట్టి వస్తానని బయలుదేరాను. మనసులో ఉన్నది వేరు. నాలుగు రోజులు పక్కనే ఉండి చూద్దాం, పరాయి దేశంలో తన తిండి మాట తను చెప్పుకోలేకపోతే వెంటబెట్టుకుని వచ్చేద్దాం అనుకున్నాను. ఈ మాట అమ్మాయితో అనలేదు. కొలంబోలో కాపురం ఉంటున్న ఇందిర పినతల్లి కూతురు లక్ష్మీతులసికి మాత్రం ఫోనులో చెప్పాను.

కొలంబోలో దిగేసరికి నాకు ధైర్యం వచ్చిన మాట నిజం. ఎటు చూసినా కొబ్బరిచెట్లు, అన్నం తినే జనం. మర్నాడు పొద్దున్న బసకు దగ్గరలో ఉన్న చిన్న హోటలుకు వెళ్ళాం. అద్దాల బీరువాలో తెల్లగా, గుండ్రంగా సేమ్యా చుట్టలు పేర్చి ఉన్నాయి. మన బియ్యపు సేవెలే కదా అని నేను రెండు చుట్టలు తీసి దాని ప్లేటులో పెట్టాను.

యామిని ప్లేటు ముట్టుకోలేదు. సింహళంలోనూ తమిళంలోనూ తన జబ్బు సంగతి రాయించి అట్ట వేయించుకున్న కార్డు ఒకటి తీసి హోటలతనికి ఇచ్చింది. అతను పైపైన చూసి నవ్వుతూ ఏం ఫర్వాలేదన్నాడు. ఆ మాటతో నేనైతే తృప్తిపడేవాణ్ణే. యామిని మాత్రం ఇంగ్లీషులో నిదానంగా ఇంకో ప్రశ్న వేసింది. వీటిని ఏ పిండితో చేశారు, ఆ పిండి సంచి ఒకసారి చూపిస్తారా అంది. అతను లోపలికి వెళ్ళి సంచి పట్టుకొచ్చాడు. దానిమీద గోధుమ కంకి బొమ్మ ఉంది.

నేను పెట్టిన చుట్టలు నేనే తిన్నాను. యామిని అక్కడి కొబ్బరిపాల అన్నం ఎలా చేశారో అడిగి తెలుసుకుని, ఇంకెవరూ వాడని చెంచాతో పెట్టించుకుని బెల్లంతో తింది. గోధుమ లేదు కదా అని ఎందుకు అడగలేదని నేను అడిగితే, అలా అడిగితే అందరూ లేదనే అంటారండీ అంది. బడిపంతులుగా ఇన్నేళ్ళనుంచీ ప్రశ్నపత్రాలు తయారుచేస్తున్నవాణ్ణి. అవును కాదు అని జవాబు చెప్పడానికి వీల్లేని ప్రశ్న వేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. సంతోషం కలిగింది. అయినా మనసు పూర్తిగా కుదుటపడలేదు. హోటలతనితో మాట్లాడడం వేరు. అతను మనకు ఏమీ కాడు, అతనికి కోపం వచ్చినా మనకు పోయేది లేదు. మనవాళ్ళ ఇంట్లో, మర్యాద చేసి పెడుతున్నవాళ్ళకు వద్దని చెప్పడం అంత తేలిక కాదు.

ఆ ఆదివారం పౌర్ణమి. లక్ష్మీతులసి ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకుని మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఆమెది రాజోలు. భర్త బాబ్జీ కొలంబోలో ఓడల కంపెనీలో పనిచేస్తాడు. కొలంబోలో ఉన్న మనవాళ్ళు పదిమందిదాకా వచ్చారు. మేం గుమ్మంలో అడుగుపెట్టగానే లక్ష్మీతులసి వంట సంగతి చెప్పడం మొదలుపెట్టింది. పూరీలు మానేసిందట, పిండి కలపని ఇంగువ వెతికి తెచ్చిందట, యామిని కోసం గిన్నెలు, గరిటెలు అన్నీ కొత్తవి కొన్నదట. చెబుతుంటే ఆమె ముఖం వెలిగిపోతోంది. అక్క లేని లోటు ఒక్కపూటయినా తీర్చాలని ఆమె తాపత్రయం. అది నాకు అర్థమైంది.

వ్రతం బాగా జరిగింది. పులిహోర, పరమాన్నం, పప్పు, అరటికాయ కూర, అన్నం అన్నీ ఒకే విస్తట్లో వడ్డించి, మధ్యలో ప్రసాదం పెట్టి నివేదన చేశారు. హారతి అయ్యాక లక్ష్మీతులసి విస్తట్లోవన్నీ కొంచెం కొంచెం తీసి మళ్ళీ ఆయా గిన్నెల్లో కలిపింది. అలా కలిపితేనే వంటంతా ప్రసాదం అవుతుంది. మా ఇంట్లోనూ అలాగే కలుపుతాం. అందువల్ల నాకు అందులో తప్పేమీ కనబడలేదు.

విస్తళ్ళు వేశారు. అందరూ కూర్చున్నారు. ముందుగా దోసిట్లో ప్రసాదం పెట్టారు. యామిని కళ్ళకు అద్దుకుని నా చేతిలో పెట్టింది. తన వంతు కూడా నన్నే తినమంది. అప్పుడు చూశాను, అది గోధుమనూక. ఇందిర ఎప్పుడూ వరినూకతో చేసేది, నేను ఆ సంగతే మరిచిపోయాను. ప్రసాదం ఒక్కటే కదా, మిగతా వంట ఉంది అనుకున్నాను. లక్ష్మీతులసి పులిహోర గిన్నెతో మా వరసలోకి వచ్చింది. యామిని విస్తరిమీద చెయ్యి అడ్డం పెట్టింది.

"పిన్నిగారూ, విస్తట్లోవి మళ్ళీ గిన్నెల్లో కలిపేరు కదండీ."

"కలిపేనమ్మా. కలపకపోతే ప్రసాదం ఎలా అవుద్ది?"

"మధ్యలో నూక ప్రసాదం ఉందండీ. తీసిన గరిటె కూడా ఒకటేనండి."

లక్ష్మీతులసి చేతిలో గరిటె ఆగిపోయింది. "తిండి పదార్థాలన్నీ ఒక్కోటీ చూసుకున్నానమ్మా. ప్రసాదం తిండి కింద లెక్కేసుకోలేదు నేను," అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొద్దుటినుంచీ నిలబడి వండిన వంటలో ఒక్కటి కూడా ఎవరికోసం వండిందో ఆ పిల్ల తినడానికి లేకుండా పోయింది.

మాకు ఎదురుగా కూర్చున్న పెద్దావిడ భవానీదేవిగారు కలుగజేసుకున్నారు.

"స్వామి ప్రసాదం కాదనకూడదమ్మా. కళ్ళకద్దుకుని ఓ రవ్వ నోట్లో వేసుకో. ఏవీ అవ్వదు."

"కళ్ళకి ఫర్వాలేదండీ మామ్మగారూ. పేగులకే పడదు."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "తల్లి ఉంటే నాలుగు మాటలు చెప్పేది," అన్నారు.

నేను సగం లేచాను. ఏం చెప్పాలో కూడా మనసులో కూర్చుకున్నాను. యామిని నావైపు చూడలేదు. దాని గొంతు పెరగనూ లేదు, వణకనూ లేదు.

"అమ్మ చెప్పిందే చేస్తున్నానండీ. మొహమాటానికి తిని మంచం ఎక్కితే, పెట్టినవాళ్ళకే బాధని చెప్పేది. పిన్నిగారు నాకోసం ఇంత కష్టపడ్డారు. ఆవిడ చేతి వంట తిని నాకు జబ్బు చేసిందన్న మాట రేపు ఆవిడ వినకూడదండీ."

నేను మళ్ళీ కూర్చున్నాను.

అప్పుడు యామిని లేచి లక్ష్మీతులసి చేతిలో గిన్నె అందుకుని పక్కన పెట్టి, నివేదన కలపని అన్నం ఏమైనా మిగిలిందా అని అడిగింది. ఇంకో కుక్కరు మూత తీయకుండా ఉందట. పెరుగు ప్యాకెట్టు, అరటిపళ్ళు కూడా ఉన్నాయి. యామిని చేతులు కడుక్కుని, కొత్త గరిటెతో తనే వడ్డించుకుని వచ్చి అదే వరసలో, అదే చోట కూర్చుంది. చుట్టూ అందరూ పులిహోర తింటుంటే పెరుగన్నం కలుపుకుని, రాజోలు కబుర్లు చెప్పమని పిన్నిని అడుగుతూ మారు వడ్డించుకుని మరీ తింది. మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి భవానీదేవిగారు ఉండబట్టలేక, "పెరుగులో ఏవీ ఉండదు కదమ్మా," అని అడిగారు. ఉండదండీ అంది యామిని. అయితే ఇంకాస్త వేసుకోమన్నారు ఆవిడ.

మేం బయలుదేరేటప్పుడు లక్ష్మీతులసి నన్ను పక్కకు పిలిచింది.

"బావగారూ, అమ్మాయిని తీసుకుపోతారా?"

"లేదమ్మా. ఇక్కడే ఉంటుంది."

"నామీద కోపం రాలేదు కదండీ దానికి?"

కోపం వస్తే మీ ఇంట్లో మారు వడ్డించుకుని తింటుందా అన్నాను. ఆమె తల ఊపి, వచ్చే పౌర్ణమికి వరినూకతో చేస్తానంది.

రెండు రోజుల తరువాత యామిని హాస్టల్లో చేరింది. నేను ఒక్కణ్ణే తిరిగి వచ్చాను. బడికి వెళ్ళిన రోజున, లెక్కల మాస్టారు సూర్యారావుగారు కుశలప్రశ్నలన్నీ అయ్యాక కాస్త తటపటాయించి, అంత దూరంలో అమ్మాయి తిండి సంగతి ఎవరు చూస్తున్నారండీ అని అడిగారు.

"తనే చూసుకుంటోందండీ," అన్నాను.

ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగితే వ్రతం నాటి సంగతంతా చెప్పాలని నాకు ఉంది. గంట కొట్టారు. నేను తొమ్మిదో తరగతికి వెళ్ళాను.