చీతా చెట్టెక్కదు

ములకలపల్లి అవతలి అడవిలో ఇప్పపువ్వు రాలే రోజులవి. వాగు ఇసుకలో పెద్ద పాదాల గుర్తులు కనబడ్డాయని ఊళ్లో ఒకటే గుసగుసలు. చిరంజీవి వెళ్లి వంగి చూసొచ్చి, అడగనివాళ్లకు కూడా తీర్పు చెప్పేశాడు.

"గోళ్ల గుర్తులున్నయ్. చిరుతపులైతే నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుస్తది. చీతాకు గట్ల ముడుచుకోవు. ఇది చీతానే. ఫోన్ల వీడియో చూసిన."

చూసినదంతా అతనికి కంఠతా వచ్చు. సన్నని నడుము, పొడుగు కాళ్లు, కళ్ల నుంచి నోటిదాకా కాటుక కారినట్టు రెండు నల్లచారలు. గాండ్రించదు, పిల్లిలా గురగురమంటుంది. పగలే వేటాడుతుంది. పరుగులో దానికి సాటి లేదు.

"అది మన దిక్కు ఎట్లొస్తదిరా?" అంది తల్లి కన్నమ్మ.

"ఉరికొస్తది!"

పువ్వు ఏరేటప్పుడు పసిపిల్లల ఉయ్యాలను చేతికందే కొమ్మకు కడతారు. ఆ పొద్దున చిరంజీవి మాత్రం భార్య కళావతి పాత చీరతో చెట్టెక్కి, రెండు నిలువుల ఎత్తున ఉయ్యాల కట్టి, నెలల బిడ్డ హర్షితను పడుకోబెట్టాడు.

"చీతా చెట్టెక్కదు. ఇగ ఫికర్ లేదు."

కళావతి మొహం మాడ్చుకుంది. ఈ మనిషితో వాదించడం కంటే పువ్వు ఏరుకోవడం నయమనుకుంది.

ఏరుతూ ఏరుతూ చిరంజీవి కొంత దూరం వెళ్లాడు. గంప సగం నిండేసరికి కుక్కలు గోల పెట్టాయి. పొదల్లోంచి మచ్చల జంతువొకటి దూసుకొచ్చింది. లావుపాటి మెడ, పొట్టి కాళ్లు, ఒంటి నిండా పువ్వుల్లాంటి మచ్చలు. మొహం మీద చారలే లేవు. వెనకాల ఊరకుక్కలు. ఇసుకలో చిరుత అడుగుల మీద పడ్డ గోళ్ల గుర్తులు ఈ కుక్కలవేనని అప్పుడర్థమైంది అతనికి.

చిరుతపులి రెండు దూకుల్లో ఉయ్యాల ఉన్న చెట్టెక్కేసింది.

గంప పారేసి పరిగెత్తాడు. చేతిలో కర్ర కూడా లేదు. "దిగు! నన్ను తిను, దిగు!" అని అరిచాడు. అది ఒకసారి కిందికి చూసి, అతని తల మీదుగా దూకి వాగువైపు పోయింది. కుక్కలు వెంటపడ్డాయి. ఎలా ఎక్కాడో ఏమో, ఎక్కి ఉయ్యాలలో చెయ్యి పెట్టాడు. బిడ్డ లేదు.

కొమ్మను వాటేసుకుని గావుకేక పెట్టాడు.

"ఏందయ్యా గా అరుపు? పాప నా కాడుంది!" గట్టు వెనక నుంచి కళావతి పరిగెత్తుకొచ్చింది, బిడ్డను రొమ్ముకు అదుముకుని. "పాలకేడ్చింది. గంత ఎత్తుల ఊగుతుంటే నాకు పానం ఆగలే. ఎక్కి దించుకున్న. మళ్ల పైన పెట్టబుద్ధి కాలే."

చిరంజీవి చెట్టు దిగలేదు, జారాడు. అరచేతులు చెక్కుకుపోయాయి. తల్లీబిడ్డలను ఇద్దర్నీ కలిపి పట్టుకుని కూలబడ్డాడు. బతికిపోయాననుకున్నాడు. ఇప్పచెట్లన్నీ దద్దరిల్లేలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

కళావతి అతని తల మీద చేయి వేసింది.

"జర మెల్లగ ఏడువు," అంది. "పాప ఇప్పుడే పండుకుంది."